మన పాత దూరదర్శినిని అమ్మివేయవలయునా?

మన పాఠశాలలో విజ్ఞానశాస్త్రపు గదియందు తూర్పుగోడ చెంత నొక బీరువా కలదు. దాని పై అరలో పగిలిన గాజుకుప్పెలును, ముల్లు విరిగిన దిక్సూచియు, పళ్లెమొకటి పోయిన త్రాసును ఏండ్ల తరబడి విశ్రమించుచున్నవి. ఇవియన్నియు నొకనాడు క్రొత్తవియే. కొనిన దినమున పదుగురికి చూపి సంతోషించుటయు, చెడిన దినమున బీరువాలో నుంచి తాళము వేయుటయు మన పాఠశాలలందు పెక్కింట నలవడిన పద్ధతి. చెడినదానిని బాగుచేయుట యను మూడవ పద్ధతి యొకటి కలదని మన మించుమించుగా మరచితిమి.

ఈ మాట నేడు చెప్పవలసి వచ్చుటకు కారణము మన దూరదర్శిని. దానిని తూకమునకు అమ్మివేసి, చందాలు ప్రోగుచేసి, మరలతో తనంతట తానే నక్షత్రములను వెదకికొను క్రొత్త యంత్రమును తెప్పింపవలయునని మన హితులు కొందరు సెలవిచ్చుచున్నారు. వారి సదుద్దేశమును నేను శంకింపను. అయినను వారి యభిప్రాయముతో నేకీభవింపజాలను. ఎందుచేత నేకీభవింపజాలనో ఈ సంచిక మూలమున విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుకొనుచున్నాను.

ఈ దూరదర్శిని 2023వ సంవత్సరము ఆగస్టు నెలలో మనకు లభించినది. చెన్నపట్టణమున పాతసరకు లమ్ము నొక వర్తకునియొద్ద దానిని మూడువేల రూపాయలకు కొని, రైలులో ఒడిలో బెట్టుకొని నగరికి తెచ్చితిని. "ఒక్క చుక్క నూనె వేసిన చాలును, క్రొత్తదానివలె పనిచేయును" అని యాతడు పలికెను. ఇంటికి వచ్చి విప్పి చూచునప్పటికి అద్దము మసకబారి యుండెను. దాని యంచున బూజు పాకియుండెను. ముక్కాలిపీటకు ఒక కాలు చీలియుండెను. ఇరుసులలోని గ్రీజు గట్టిపడి మైనమువలె నైపోయెను. రెండు మరలు లేనే లేవు. ఇంత కష్టములోను ఒక్క అదృష్టము కలదు: అద్దము పగులలేదు. దూరదర్శినికి ప్రాణమద్దమే. తక్కిన అంగము లేది చెడినను మన యూరి పనివారు బాగుచేయగలరు. అద్దము పగిలినచో యంత్రము పోయినట్లే. పాత దూరదర్శినిని కొనగోరు విద్యార్థి యెవడైన నున్నచో ఈ యొక్క మాట జ్ఞాపక ముంచుకొన్న చాలును.

మన యంత్రము న్యూటను పద్ధతిది. గొట్టపు టడుగున 114 మిల్లీమీటర్ల వెడల్పు గల పుటాకార దర్పణ ముండును. దాని నాభ్యంతరము 900 మిల్లీమీటర్లు. అది కూర్చిన వెలుగును గొట్టపు మూతికడనున్న చిన్న యద్ద మొకటి ప్రక్కకు త్రిప్పి కంటియొద్దనున్న అక్షికటకమునకు పంపును. న్యూటను 1668వ సంవత్సరమున ఈ పద్ధతి దూరదర్శినిని మొదట నిర్మించినపుడు దర్పణమును రాగి, తగరము కలిపిన లోహముతో చేసెను. ఆ లోహము నల్లబడినప్పుడెల్ల మరల మెరుగుపెట్టవలసి వచ్చెడిది. నేటి దర్పణము గాజుది. దానిపై అల్యూమినియపు పూత యుండును. ఆ పూత మందము మిల్లీమీటరులో రమారమి పదివేలవ వంతు. ఆ గాజు యొక్క ఆకృతియు అంతకంటె సూక్ష్మముగా సరిపడి యుండవలయును. ఇంత పలుచని పొరను మన మెట్లు తుడువవలయునో ఆలోచింపుడు.

నేనాలోచింపలేదు. ఇది నా తప్పిదము. దానిని దాచుట న్యాయము కాదు. అద్దము తెచ్చిన నాటి సాయంకాలమే, దుమ్మును చూచి సహింపలేక, మెత్తని పొడిగుడ్డతో దానిని రుద్దితిని. గుడ్డ మెత్తనిదే గాని దుమ్ములోని యిసుక మెత్తనిది కాదు. దర్పణము నడుమ చంద్రవంకవలె నొక గీత పడెను. అది నేటికిని ఉన్నది. ప్రతి సంవత్సరము క్రొత్త విద్యార్థులకు నేను మొట్టమొదట చూపునది నక్షత్రము కాదు, ఆ గీత. నిజమునకు అద్దముపై కొంచెము దుమ్మున్నంతమాత్రమున చూపునకు కలుగు లోపము స్వల్పము. తొందరపడి తుడిచినందువలన కలుగు లోపమో శాశ్వతము. చేయి చాచుటకు ముందు చేయవలసిన పని యున్నదో లేదో తెలిసికొనుట మరమ్మతు విద్యలో ప్రథమపాఠము.

పిదప పెద్దలవలన తెలిసికొని చేసిన పద్ధతి యిది. వెడల్పైన తొట్టిలో అడుగున మడతపెట్టిన గుడ్డ పరచి, గోరువెచ్చని నీటిలో ఒక చుక్క సబ్బుద్రవము కలిపి, దర్పణమును పావుగంట నాననిచ్చితిమి. తరువాత తడి దూదిని దాని బరువుతోనే అద్దముపై ఒక్క మారు ఈడ్చి పారవేసితిమి. ఒకసారి వాడిన దూదిని మరల తాకింపలేదు. మన నగరి బోరుబావుల నీరు ఉప్పునీరు. ఆరిన పిదప తెల్లని మచ్చలు విడుచును. కావున కడపటి కడుగుటకు మోటారు బ్యాటరీలకు పోయు స్వేదనజలమును కొని తెచ్చి, దర్పణమును నిలువుగా ఆనించి ఆరనిచ్చితిమి. బూజు చాలవరకు వదలెను. అంచున పూత తినివేయబడిన చోట మాత్రము చిన్నచిన్న చుక్కలు మిగిలినవి. అవి చూపునకు అడ్డము రావు.

ఇక యంత్రమును నిలుపు పీఠము సంగతి. ఇది మన యూరివారు ప్రత్యేకముగా తెలిసికొనదగిన విషయము. నక్షత్రములు ఆకాశమున ధ్రువనక్షత్రము చుట్టును తిరుగునట్లు కనబడును గనుక, పీఠపు ఇరుసు ధ్రువమువంకకు చూచుచుండవలయును. ధ్రువు డెంత యెత్తున కనబడునో అంతయే ఆ యూరి అక్షాంశము. నగరి సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. ఇట్టి పీఠములను జేయువారో, 40, 50 డిగ్రీల అక్షాంశములందలి దేశములను మనస్సున నుంచుకొని చేయుదురు. మన యూర ఇరుసును 13 డిగ్రీలకు వంచబోగా వెనుకనున్న పొడుగు మర అడ్డము వచ్చెను. సమతూకపు గుండు పోయి ముక్కాలిపీట కాలికి తగిలెను. వర్తకుడు చెప్పిన నూనెచుక్క ఇచ్చట నేమి చేయగలదు?

ఈ చిక్కును విడదీసినవాడు శాస్త్రజ్ఞుడు కాడు. మన వీధిలో మరమగ్గములు బాగుచేయు మేస్త్రి. మగ్గపు భాగములకు మరలు కోసి కోసి యలవడిన చేయి ఆయనది. పొడుగు మరను చూచి, నాలుగు ప్రశ్నలడిగి, లేతుపై పొట్టి మర నొకదానిని కోసి యిచ్చెను. పోయిన మరలు రెండును చేసి యిచ్చెను. "చుక్కలు చూసేదానికి కూడా మరే కావాలనా?" అని నవ్వి కూలి తీసికొనలేదు. ముక్కాలిపీటను కాళ్లు రెండు ఉత్తరమునకును, ఒకటి దక్షిణమునకును వచ్చునట్లు త్రిప్పగా గుండు ఆ రెండు కాళ్ల నడుమ తగులక యాడెను. చీలిన కాలికి బదులు వడ్రంగి టేకుకర్రతో క్రొత్తది చేసెను. గట్టిపడిన గ్రీజును విద్యార్థులు కిరసనాయిలుతో కడిగి క్రొత్త గ్రీజు పట్టించిరి. పీట నడుమ ఇసుకసంచి వ్రేలాడగట్టగా వణకు తగ్గెను.

అంతట తుదిపని, అనగా అద్దములు రెండింటిని ఒకదాని కొకటి సూటిగా నిలుపుట. దీనికి విలువైన పనిముట్టు లేదని విచారింపనక్కరలేదు. పాత ఫొటోఫిల్ము డబ్బీ మూత నడుమ చిన్న రంధ్రము పొడిచి, అడుగు తీసివేసి, అక్షికటకము స్థానమున నుంచి చూచిన చాలును. మొదట చిన్న యద్దమును, పిమ్మట పెద్ద యద్దమును వాని వెనుకనున్న మరలతో కొంచెము కొంచెముగా త్రిప్పి, ప్రతిబింబములన్నియు నొక నడిమి బిందువున కలియునట్లు చేయవలయును. సరిపడినదో లేదో నక్షత్రమే చెప్పును. ప్రకాశమైన నక్షత్ర మొకదానిని కావలయునని మసకచేసి చూచినచో వలయములో వలయముగా కనబడును. ఆ వలయములకు నడిమి యొక్కటియే యైన యంత్రము సరిగానున్నది. ఒక ప్రక్కకు ఒరగియున్న ఇంకను పని యున్నది. ఈ పనికి మాకు మూడు రాత్రులు పట్టెను.

ఒక హెచ్చరిక. పాత దూరదర్శినులతో కొన్నిటికి అక్షికటకమునకు బిగించు నల్లని సూర్యపు అద్దము వచ్చును. మా పెట్టెలోను అట్టిది యుండెను. గొట్టము కూర్చిన సూర్యతాపమంతయు ఆ చిన్న గాజుబిళ్లమీదనే పడును గనుక అది చూచుచుండగనే పగులవచ్చును. పగిలిన క్షణముననే కన్ను పోవును. మేము దానిని ఇటుకపై నుంచి సుత్తితో కొట్టివేసితిమి. బాగుచేయదగిన దానిని బాగుచేయవలయును; నాశనము చేయదగిన దానిని మొగమోటము లేక నాశనము చేయవలయును. పాత వస్తువులయెడ భక్తి నాకును గలదు గాని, పిల్లల కన్నులకంటె నెక్కువది గాదు.

2023 డిసెంబరు చివర, వానలు వెనుకబట్టిన పిమ్మట, పాఠశాల మైదానమున యంత్రమును నిలిపితిమి. పడమట శనిగ్రహము, నడినెత్తికి సమీపమున బృహస్పతి. చూడవచ్చినవారిలో మా విద్యార్థి యొకని అవ్వ కూడ ఉండెను. జీవితమంతయు మగ్గపు గుంటలో కూర్చుండి నేసిన వృద్ధురాలు. శనిని చూచి వెనుకకు తగ్గి, "లోపల బొమ్మేమన్నా అంటించినారా, అయ్యవారూ?" అని యడిగెను. అనుమానము తీరక గొట్టపు ముందువైపునకు పోయి తొంగి చూచెను. మరల వచ్చి కన్ను పెట్టునప్పటికి శని ఆ చూపు వృత్తమును దాటిపోయెను. తొంబది రెట్లు పెంచి చూచునపుడు భూభ్రమణము వలన గ్రహము నడిమినుండి అంచునకు పోవుటకు ఒక నిమిషమే చాలును. "కదిలిపాయనే!" అని యామె యఱచెను. బొమ్మ కాదనుటకు ఆమె తానే నిదర్శనము కనుగొనెను. తనంతట తానే గ్రహమును వెంబడించు మరల యంత్రముతో ఈ నిదర్శనము లభించెడిది కాదు.

ఇప్పుడు మన హితుల ఆక్షేపణలకు వత్తును.

క్రొత్త యంత్రము మేలుగా చూపునని మొదటి ఆక్షేపణ. నిజమే, కొంత మేలుగా చూపును. కాని దూరదర్శిని శక్తి దాని వయస్సుపై గాక దర్పణపు వెడల్పుపై నాధారపడి యుండును. 114 మిల్లీమీటర్ల అద్దము ఏ కర్మాగారమునుండి నిన్న వచ్చినను, రమారమి దానికి రెండింతలకు, అనగా 230 రెట్లకు మించి పెంచిన మసక తప్ప మరేమియు చూపదు. పెట్టెపై ఐదువందల రెట్లని వ్రాసి యమ్ము బొమ్మయంత్రములను నమ్మవలదు.

అంతరిక్షమున నున్న మహాదూరదర్శినుల చిత్రములు చేతిఫోనులోనే దొరకుచుండగా ఈ శ్రమ యెందుకని రెండవది. 2021 డిసెంబరు 25వ తేదీని అంతరిక్షమునకు పంపబడిన జేమ్స్ వెబ్ దూరదర్శిని చిత్రములను నేనును చూచి యానందించుచున్నాను. అవి మన యంత్రము చూపలేనివే. అయినను మా అవ్వ అడిగిన ప్రశ్నకు ఆ చిత్రములు ప్రత్యుత్తర మీయలేవు.

ఈ కాలమును పరీక్షలకు చదువుట కుపయోగింపవచ్చునని మూడవది. పుటాకార దర్పణమునకు నాభి యుండునని మన విద్యార్థులు పుస్తకమున చదువుదురు. దర్పణమును చేతబట్టి, వెన్నెలను కాగితముపై చుక్కగా కూర్చి, స్కేలుతో ఆ దూరమును కొలిచి 900 మిల్లీమీటర్లని తామే కనుగొన్నవారు ఆ పాఠమును మరల వల్లె వేయనవసరము లేదు.

ఈ విషయమున చరిత్ర యేమి చెప్పుచున్నది? విలియం హెర్షెల్ ఇంగ్లాండున బాత్ నగరమున సంగీతోపాధ్యాయుడుగా నుండి, 1773 ప్రాంతమున, అద్దములు సానపట్టు పని విడిచిన యొకని పాత పనిముట్లను కొని ఆ విద్య నారంభించెను. 1781 మార్చి 13వ తేదీని తాను స్వయముగా చేసికొనిన దూరదర్శినితోనే యురేనస్ గ్రహమును కనుగొనెను. పూనాలోని మహారాజా తఖ్తసింగ్‌జీ ఖగోళశాల మూతపడినపుడు, దాని ఇరువది యంగుళముల దూరదర్శినిని తూకమునకు అమ్మివేయక 1912లో కొడైకెనాలునకు పంపిరి. ఒకచోట వాడిన యంత్రము మరియొకచోట పనికి వచ్చుట శాస్త్రమునకు చిన్నతనము కాదు.

మన తెలుగుదేశపు చరిత్రయే ఇంకను పెద్ద పాఠము నేర్పుచున్నది. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున సొంత ఖగోళశాల స్థాపించిరి. 1856లో ఆయన గతింపగా, అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని చేపట్టి, మేలైన యంత్రములను చేర్చి, 1874 డిసెంబరు 9వ తేదీని శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. చేపట్టు చేయి యొకటి యుండుటచే మామగారి కృషి అల్లునితో రెండింతలాయెను. 1892లో ఆయన గతించిన తరువాత అంతటి యుత్సాహముతో చేపట్టినవారు కానరారు. ఆ ఖగోళశాల నేడు లేదు. హైదరాబాదున నవాబు జఫర్ జంగు 1901లో పదునైదు అంగుళముల గ్రబ్బు దూరదర్శినిని తెప్పించిరి. 1907లో ఆయన గతించెను. కాని 1908లో నిజాము ప్రభుత్వము ఆ ఖగోళశాలను చేపట్టెను. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వహించెను. ఆ పెద్ద యంత్రము 1922లో గాని పనిలోనికి రాలేదు. తెప్పించినవాడు దాని పని చూడనే లేదు. ఆ శాలలో పనిచేసిన యొక ఉద్యోగి కుమారుడు చిన్ననాటనే నక్షత్రములను ప్రేమించి పెరిగి, వైణు బప్పు అను పేర ప్రఖ్యాతుడయ్యెను. మన చిత్తూరుసీమకు దక్షిణమున జవ్వాదికొండలలోని కావలూరు ఖగోళశాల ఆయన కృషి ఫలము. అచ్చటి 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టిరి. అప్పటికి ఆయన గతించి మూడేండ్లు దాటెను.

కనుక కొనుటకు ఒక్కడు చాలును. నిలుపుటకు వరుసగా పెక్కుమంది కావలయును. మన చిన్న పాఠశాలయందును ఇది నిజమైనది. 2023లో శనిని చూచి మన విద్యార్థి యొకడు యంత్రపు పుస్తకమున చిత్రము గీసెను: గ్రహమునకు ఇరుప్రక్కల చెవులవలె వలయములు. అతడు పాఠశాల విడిచిపోవుచు అద్దములు నిలుపు పనిని ఒక బాలికకు నేర్పెను. ఆ బాలిక 2025 నవంబరులో, వానల నడుమ ఆకాశము తెరపి యిచ్చిన యొక రాత్రి, శనిని చూచి మరుసటి పుటలో గీసెను: వలయములు మనవైపు అంచుగా తిరిగియుండుటచే సూదివంటి సన్నని గీత మాత్రమే. రమారమి పదునైదేండ్ల కొకసారి మాత్రమే ఇట్లు కనబడును. ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పిల్లలకు శని గమనమును గూర్చి నేను ఉపన్యసింపనవసరము లేకపోయెను. యంత్రము నడుమ నొక్క సంవత్సరము బీరువాలో పడియున్నచో ఈ రెండవ చిత్రము లేదు.

అందుచేత నా మనవి యిది. యంత్రమును అమ్మవలదు. ఎనిమిదవ తరగతినుండి యొకరిని, తొమ్మిదవ తరగతినుండి యొకరిని ప్రతి సంవత్సరము దానికి పాలకులుగా నియమింపవలయును. పదవ తరగతికి పోవువారు తమ విద్యను క్రిందివారికి చేతితో నేర్పి, పుస్తకమున సంతకము చేసి, తాళపుచెవి అప్పగింపవలయును. నెలకొకసారి పెట్టె తెరచి, దీపమువేసి అద్దమును చూడవలయును, తాకరాదు. ఐప్పసి, కార్తీక వానలకు ముందే తేమను పీల్చు సిలికాజెల్ పొట్లములను వేడిచేసి మార్చవలయును. రాత్రి మంచుపడినచో గొట్టమును పూర్తిగా ఆరనిచ్చి గాని మూయరాదు. తడితో మూసిన పెట్టెయే బూజునకు పుట్టినిల్లు. దర్పణపు పూత పూర్తిగా చెడిన నాడు, క్రొత్త యంత్రమునకై కూర్చదలచిన చందాలో కొంత దానికి మరల అల్యూమినియపు పూత పెట్టించుటకు వినియోగింపవలయును. మహాఖగోళశాలలును తమ దర్పణములకు అదే చేయుచున్నవి.

క్రొత్త యంత్రము వచ్చుటకు నేను శత్రువును గాను. ఐదేండ్లు పాతదానిని చెడనీయక కాపాడిన పాఠశాలకు క్రొత్తదానిని పెట్టుకొను నర్హత కలుగును. అట్టి యర్హత లేక తెచ్చిన క్రొత్త యంత్రము ఎచ్చట చేరునో మన తూర్పుగోడ చెంతనున్న బీరువాను చూచిన తెలియును. ఏప్రిలు మాసమున రాత్రి పది పదునొకండు గంటల వేళ, దక్షిణమున క్రిందుగా, లక్షలకొలది నక్షత్రములు ముద్దగా గూడిన ఒమేగా సెంటారి అను సమూహము మన యూర కనబడును. ఐరోపా దేశములలో పెక్కింటివారికి అది దిగంతము దాటి పైకి రాదు, మనకు వచ్చును. దానిని చూడగోరు విద్యార్థులు పరీక్షలు ముగిసిన పిమ్మట మైదానమునకు రావలయును. యంత్రమును మోసికొని వచ్చుటకు ఇద్దరు కావలయును. ముందుగా పేరు వ్రాయించుకొనుడు.